గంగమ్మ వీపు మీద గోళ్ళు

తదియ

బండి: నాలుగో నంబరు. నడిపేవాడు: దానయ్య, నా అన్న. కంప్లయింటు: వేడి. కారణం: దారి.

కారణం గడిలో 'దారి' అని రాస్తే రేవు ఆఫీసుకి నచ్చదు. బెల్టు, పంపు, డ్రైవరు, వీటిలో ఏదో ఒకటి రాయాలట. సూపర్‌వైజర్ రత్నాకర్ గారు షెడ్డుకి వచ్చి మరీ మెత్తగా చెప్పి వెళ్ళారు. నేను మెత్తగా వినలేదు. ఈ షెడ్డులో బండ్లు విప్పేది నేను, బిగించేది నేను, కాబట్టి లాగ్ రాసేదీ నేనే. గడి చాలకపోతే పక్క పేజీలో రాస్తాను. ఇది ఆ పక్క పేజీ. చదివేవాళ్ళు చదవండి, లేకపోతే పొయ్యిలో పెట్టుకోండి.

మంచుబండికి రేడియేటర్ ఉండదు. సీటు కింద, ట్రాకు (బండిని నడిపే రబ్బరు పట్టా) తిరిగే గూట్లో, ఒక అల్యూమినియం పలక ఉంటుంది. ఇంజను దగ్గర కాగిన నీళ్ళు ఆ పలక లోపల తిరుగుతాయి. ట్రాకు ఎగజిమ్మిన పొడిమంచు పలకకి తగిలి, కరిగి, వేడిని తీసుకుపోతుంది. మెత్తటి మంచు ఉన్నచోట ఈ బండి రోజంతా చల్లగా పరిగెడుతుంది. మా నీలారేవులో మెత్తటి మంచు ఎక్కడుంది? ఒడ్డు నుంచి ఓడలు ఆగే అంచు దాకా సముద్రం గడ్డకట్టి పడుకుంది. పడిన మంచుని పడినట్టే గాలి ఊడ్చుకుపోతుంది. మిగిలేది గాజు. ఆ గాజు మీద బియ్యం బస్తాల స్లెడ్జి లాగే బండి పలకకి ఒక్క మంచురవ్వ తగలదు. ట్రాకు కింద ప్లాస్టిక్ పట్టీలు కూడా తడి లేక కమురుతాయి. ఆ వాసన నా జుట్టులోంచి పోదు.

దానయ్య బండి దిగి, హెల్మెట్ తీసి, ఇంజను మూత మీద తట్టాడు.

"ఓలే పోలీ, దీనికి జొరమొచ్చినాదే. ఎర్రదీపం ఎలిగింది."

"ఎలిగితే నువ్వేటి సేసినావు?"

"ఆపీసినాను. దిగి పలక మీన ఉచ్చ పోసినాను."

"సిగ్గు నేదా?"

"అక్కడెవులున్నారు సూడ్డానికి? పైగా పన్జేసింది. బండి కదిలింది."

నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంజను గోడలు నల్లబడ్డాయి. ఇంకో రెండుసార్లు ఇలా కాగితే పిస్టన్ కరుచుకుపోతుంది. అంచుకీ ఒడ్డుకీ మధ్య, గాలిలో, ఇంజను ఆగిన బండి అంటే ఏమిటో దానయ్యకి తెలుసు. అందుకే నవ్వుతాడు.

పంచమి

మా అమ్మ సోములమ్మ ఈ పొద్దున కూడా కల్లాపి చల్లింది.

నేను తెర కట్టాక పుట్టినదాన్ని. అంతకు ముందు ఈ సముద్రం కదిలేదట, ఇసకలో అరికాళ్ళు కాలేవట. ఎండ మరీ ముదిరిపోయిందని ఆకాశానికి తెర కట్టారు. కట్టినవాళ్ళకి విప్పడం తెలియలేదు. ఇప్పుడు పొద్దున లేచే సూర్యుడు చచ్చిన చేప కన్నులా ఉంటాడు. ఆ వెలుతురులో మా పేట ఆడవాళ్ళందరూ చెంబులూ బకెట్లూ పట్టుకుని దారి మీదికి వస్తారు. బండి బయలుదేరే ముందు దారికి నీళ్ళు చల్లుతారు. వాకిట్లో చల్లినట్టే, చెయ్యి తిప్పి, చుక్క ఎక్కువతక్కువ లేకుండా. నీళ్ళు పడ్డచోట పడినట్టే గడ్డకట్టి, గాజు మీద ఇంకో గాజు తయారవుతుంది. దారి గుర్తుకి పాతిన జెండాల్లో రెండో దాని దాకా అలా చల్లుకుంటూ పోతారు. అందరికంటే ముందు మా అమ్మ.

ఇది మూఢత్వంగా మొదలవలేదు. అది కూడా రాయాలి. మొదటి ఏళ్ళలో మంచు పలచన. పోటు వచ్చినప్పుడల్లా కింద నీళ్ళు ఎత్తేవి, మంచు నెర్రెలు విచ్చేది. మగాళ్ళు ఓడ సరుకు మోసుకుంటూ ఆ నెర్రెల్లో పడిపోయేవాళ్ళు. అప్పుడు ఆడవాళ్ళే కనిపెట్టారు, నీళ్ళు పోస్తే నెర్రె అతుక్కుంటుందని. చాలామంది బతికారు. మా నాన్న ముత్యాలు బతకలేదు. ఆ రోజు అమ్మకి ఒంట్లో బాగాలేదు, కల్లాపికి వెళ్ళలేదు. అంతే. అప్పటినుంచి ఆవిడ ఒక్క పొద్దు కూడా మానలేదు.

సాయంకాలం అడిగాను.

"అమ్మా, ఇప్పుడు మంచు మందం ఇద్దరు మనుషుల ఎత్తు. నెర్రెలు నేవు. నీళ్ళెందుకు?"

"మీ అయ్య ఎల్లిననాడు కూడ నెర్రెలు నేవనే అన్నారు."

"నీ నీళ్ళకి బండి కాలిపోతంది."

"బండి కదా. బాగుసెయ్యడానికి నువ్వున్నావు. మనిసి మునిగిపోతే బాగుసేసీవోళ్ళు ఎవులే?"

చేప తోమిన చేత్తోనే నా తల నిమిరి లోపలికి వెళ్ళిపోయింది.

సప్తమి

ఓడలో పెట్టె వచ్చింది. నేను అడిగి అడిగి తెప్పించుకున్నది. ఐస్ స్క్రాచర్లు. ట్రాకు పట్టాల పక్కన బిగిస్తే కొన మంచుని గీసుకుంటూ పోతుంది, గీరిన పొడిని ట్రాకు ఎత్తి పలక మీద కొడుతుంది. దారి మీద మంచు లేకపోతే దారినే గీరి మంచు చేసుకోవడమన్నమాట. మేము వీటిని గోళ్ళు అంటాం.

పెట్టెలో మూడు రకాలు. వాటితో వచ్చిన కాగితంలో మూడూ గొప్పవే. మూడూ ఒకేసారి గొప్పవి కాలేవు, కాబట్టి రెండో నంబరు బండికి ఒక్కొక్కటీ బిగించి షెడ్డు వెనక గాజు మీద తిప్పి చూశాను.

మొదటిది స్కీలకి, అంటే బండి ముందు జారే పలకలకి, బిగించేది. గీరడం బాగా గీరుతుంది. కానీ పొడి అంతా ఎగిరి నడిపేవాడి మొహాన కొడుతుంది, పలకదాకా చేరేది తక్కువ. నాలుగు చుట్లు తిరిగేసరికి నా కళ్ళద్దాలు తెల్లగా పేరుకుపోయాయి. విప్పి మూల పడేశాను.

రెండోది తీగతాడు రకం. ఉక్కు తీగలు పేనిన తోక, చివర గట్టి మొన. ఎటు వంచినా వంగుతుంది. బండి వెనక్కి నడిపినా విరగదు. అంచు దగ్గర సరుకు ఎత్తేటప్పుడు బండిని వందసార్లు వెనక్కి తియ్యాలి కాబట్టి డ్రైవర్లకి ఇది నచ్చుతుంది. గాలి అణిచిన మామూలు గట్టిమంచు మీద సరిపోయినంత పొడి వస్తుంది. కల్లాపి గాజు మీద మాత్రం ఇది గీరదు, జారుతుంది. గాజుని ఇంకా మెరుగుపెట్టి వదులుతుంది.

మూడోది ఉక్కు రకం. ఒకటే ముక్క, స్ప్రింగు మెలికతో, కొనకి కార్బైడ్ మొన. కల్లాపి గాజైనా, ఏ గాజైనా కోసుకుపోతుంది. బండి వెనక తెల్లటి ధూళి లేస్తుంది, పలక తడిసి చుక్కలు కారుతుంది. దీనితో ఒకే చిక్కు. వెనక్కి నడిపే ముందు దిగి, ఎత్తి, కొక్కేనికి తగిలించాలి. మరిచిపోతే పుటుక్కున విరుగుతుంది. అంటే నడిపేవాడికి బుర్ర ఉండాలి.

ఉక్కు రకం ఎంచాను. దానయ్యని పిలిచి చూపించాను.

"ఎనక్కి తీసీ ముందు ఇది ఎత్తాల. గురుతుంటాదా?"

"నాకు పెళ్ళైతే పెళ్ళాం గురుతుంటాదో నేదో గానీ, ఇది గురుతుంటాదిలే."

"నిన్ను సేసుకునీ మనిసెవతో దానికి ముందే సెప్పాల, ఈడు గోళ్ళు ఇరగ్గొడతాడని."

"నువ్వే ఉన్నావు కదే, గోళ్ళున్న గుంటవి. నిన్ను సేసుకునీవోడు ఏటైపోతాడో."

స్పానర్ విసిరాను. తప్పించుకున్నాడు.

అష్టమి

నాలుగో నంబరు, ఉక్కు గోళ్ళతో, అంచుకి వెళ్ళి నిండు స్లెడ్జితో తిరిగొచ్చింది. ఎర్రదీపం వెలగలేదు. పలక ముట్టుకుంటే చల్లగా, అప్పుడే పట్టిన చేపలా ఉంది. పట్టీలు తడి ఆరలేదు. గోళ్ళు రెండూ విరగకుండా ఉన్నాయి, అదొక అద్భుతం.

"అరుస్తాయే బాబూ అవి," అన్నాడు దానయ్య. "దారంతా ఒకటే కీసు. సెవుల్లో దూది ఎట్టుకున్నాను."

"అరిస్తే అరవనీ. నువ్వు ఇంటికొచ్చీసినావు కదా."

ఒక పూట ఇంత సంతోషంగా ఉన్నానని రాసిపెట్టుకుంటున్నాను. మళ్ళీ రాయాల్సిన పని పడకపోవచ్చు.

నవమి

పడలేదు.

పొద్దున కల్లాపికి వెళ్ళిన ఆడవాళ్ళు ఆగిపోయారు. దారి పొడుగునా, చూపు ఆనినంత దూరం, రెండు తెల్లటి గీతలు. మా అమ్మ వంగి ఒక గీతలో వేలు పెట్టి చూసిందట. గీరిన ఒంటి మీద తల్లి చెయ్యి పెట్టినట్టు పెట్టిందని పక్కింటి పాపమ్మ పిన్ని వచ్చి నాకు చెప్పింది. చెబుతూ ఏడ్చింది. ఏడవడానికి అక్కడ ఏముందో నాకు అర్థం కాలేదు.

వలల పాక దగ్గర కూర్చోబెట్టారు. సముద్రం గడ్డకట్టినా పాకలో వలలు అలాగే వేలాడుతున్నాయి. కులపెద్ద నరసయ్య తాత దుప్పట్లోంచి మొహం మాత్రం బయట పెట్టి మాట్లాడాడు.

"గంగమ్మ పడుకుంది. మనకి వీపిచ్చి పడుకుంది. ఆ వీపు మీన నడిచి కూడు తింటన్నాం. ఆ వీపు మీన గోళ్ళెట్టి గీరతావే?"

"తాతా, గంగమ్మ వీపు ఇద్దరు మనుషుల మందం. నేను గీరింది గోరంత."

"నోరు ముయ్యే. గీత పడినకాడే నెర్రె పుడతాది. మీ అయ్య ఏటైనాడో మరిసిపోనావా?"

"గీత ఏరు, నెర్రె ఏరు. నెర్రె కిందనుంచొస్తాది."

"నీకన్నీ తెలుసు."

"బండ్ల గురించి తెలుసు. మీకు తెలీదు. అందుకే సెప్తన్నాను."

పాకలో గుసగుసలు లేచాయి. అమ్మ నా వైపు చూడలేదు. దానయ్య వైపు చూసింది. వాడు లేచి నిలబడ్డాడు. నేను వాడి మీద నమ్మకం పెట్టుకున్నాను. వెధవ.

"తీసీస్తాన్లే తాతా," అన్నాడు. "అమ్మ బాధపడతంది. బండి నిదానంగా నడుపుకుంటాను. మధ్యమధ్యన ఆపుకుంటాను."

"నిదానంగా నడిపితే ఇంకా కాగుతాదిరా!" అని అరిచాను. ఎవరూ వినలేదు. వాడి చెయ్యి పట్టుకుని అమ్మ కళ్ళకద్దుకుంది.

అక్కణ్ణుంచి తిన్నగా ఆఫీసుకి వెళ్ళాను. రత్నాకర్ గారు నా మాట పూర్తిగా విన్నారు. అదే ఎక్కువ కోపం తెప్పించింది. పలక, వేడి, గాజు, అన్నీ ఆయనకి ముందే తెలుసు.

"నువ్వు చెప్పింది నిజమే పోలమ్మా. గోళ్ళు ఉండాల్సిందే. కానీ ఆ దారి మీద పైఆఫీసు పెద్దలు కూర్చునే అద్దాల స్లెడ్జి కూడా తిరుగుతుంది కదా. గీతలు పడితే కుదుపులు. పైనుంచి ఫోన్లు. మీవాళ్ళే వద్దంటుంటే నేను మధ్యలో దూరి ఎందుకు చెడ్డవాణ్ణవాలి చెప్పు?"

"మా అన్న సచ్చిపోతాడు సార్."

"అలా ఎందుకనుకుంటావు? టీ తాగుతావా?"

తాగలేదు. ఇది కూడా లాగ్‌లో ఉండాలి: ఆయనకి తెలుసు.

ద్వాదశి

ఒక దారి ఆలోచించాను. కల్లాపి రెండో జెండా దాకానే. ఆపైన గాలి అణిచిన మామూలు గట్టిమంచు, పైకి గాజులా నున్నగా ఉన్నా గీరితే పొడి రాలేది. అక్కడ తీగతాడు గోళ్ళు చాలు. గీతలు పైపైనే పడతాయి, పూట తిరిగేసరికి గాలికి చెరిగిపోతాయి. దానయ్య వెనక్కి తీసినా విరగవు. ఎవరికీ కనబడవు.

నవమి నాడు ఉక్కువి విప్పేసిన చోట తీగవి బిగించాను. పైకెత్తి కొక్కేనికి తగిలించాను. ఊరు దాటేదాకా అలాగే ఉంచి, రెండో జెండా దగ్గర దిగి దించమన్నాను.

"అమ్మకి సెప్పవు కదా?" అన్నాడు.

"నేను సెప్పను. నువ్వు సెప్పీస్తావు. నీ కడుపులో నువ్వుగింజ నానదు."

"పోలీ."

"ఏటి?"

"పాకలో నీ పక్కన నిలబడనందుకు కోపమా?"

"కోపం నేదు. ఏవగింపు."

"అమ్మ ఒక్కతే ఉంది కదే మనకి. అయ్య పోయినకాణ్ణుంచి దానికి ఆ నీళ్ళే పేణం. అది మానిపిస్తే అది ఏటైపోతాదో."

"నువ్వేటైపోతావో ఎవులికీ అక్కర్నేదు."

"నీకుంది కదా," అని నా టోపీ కళ్ళమీదికి లాగి పోయాడు. నా కంటే పెద్దవాడు, మీసం తెల్లగా మంచు పట్టిన మనిషి, నడక మాత్రం బడి ఎగ్గొట్టిన పిల్లాడిది.

చతుర్దశి

దీన్ని వరసగా రాస్తాను. ఏది ముందు, ఏది వెనక అని రేపు ఎవరూ మార్చకుండా.

అంచుకి మందుల ఓడ వచ్చింది. దానయ్య ఒక్కడే నాలుగో నంబరులో పొద్దున వెళ్ళాడు. నేను షెడ్డులో పంపు విప్పుతున్నాను. మధ్యాహ్నం దాటాక ఆఫీసు నీళ్ళ టాంకరు వచ్చి షెడ్డు ముందు ఆగింది. దాన్ని నడిపే సింహాచలం కాళ్ళు కాచుకోవడానికి లోపలికి వచ్చాడు.

"టాంకరు ఎక్కడికెల్లింది బావా?" అన్నాను ఊరికే.

"నీకు తెలీదా? మీయమ్మా వాళ్ళూ ఆపీసుకెల్లి అడిగినారు. గీతలు పడిన పాపం పోవాల, ఈసారి దారంతా కల్లాపి కొట్టాలని. రత్నాకర్‌గారు టాంకరిచ్చీసినారు. ఏన్నీళ్ళు. మీ అన్న బండికి ముందు నేనే కొట్టుకుంటా ఎల్లినాను, ఆఖరి జెండా దాకా. అద్దంనాగుంది సూడు, మొకం సూసుకోవచ్చు."

సంతోషంగా చెప్పాడు. మంచి పని చేసి వచ్చినవాడిలా.

వేన్నీళ్ళు మంచుని కాస్త కరిగించి, కలిసిపోయి, మామూలు కల్లాపి కంటే గట్టిగా గడ్డకడతాయి. దాని మీద తీగగోళ్ళు ఏం చేస్తాయో సప్తమి నాడే రాశాను. పైన తిరగేసి చూసుకోండి. వెళ్ళేటప్పుడు ఖాళీ స్లెడ్జి కాబట్టి బండి తట్టుకుంటుంది. వచ్చేటప్పుడు నిండు బరువు.

బయటికి వచ్చి చూస్తే మంచుపొడితో కళ్ళు కప్పేసే తెల్లగాలి మొదలైంది. మూడో జెండా కనబడటం లేదు.

రెండో నంబరుకి ఉక్కుగోళ్ళు బిగించాను. ఒక బోల్టు రెండుసార్లు జారింది. సింహాచలం ఏదో అంటున్నాడు, వినలేదు. గోళ్ళు దించి షెడ్డు గుమ్మంలోంచే గీసుకుంటూ వెళ్ళాను. పేట మధ్యలోంచి. అందరి ముందునుంచీ.

బండి దీపానికి చిక్కిన జెండాల వెంట ఒక్కొక్కటే దాటుకుంటూ పోయాను. నాలుగో నంబరు దారి మధ్యలో నిలబడి ఉంది. స్లెడ్జి నిండా మందుల పెట్టెలు, కట్టు చెదరలేదు. ఇంజను కరుచుకుపోయింది. వంగి పలక చూశాను. పొడిగా, కాలి, నీలం తిరిగి ఉంది. తీగగోళ్ళ కొనలు గీరలేక గీరలేక మెరుపు తేలాయి. బండి పక్కన ఒక్క అడుగు కూడా లేదు. గాజు మీద అడుగులెక్కడ పడతాయి?

కనబడని చోట మనిషి గాలికి ఎదురుగా నడవడు. వీపుకి గాలి పెట్టి నడుస్తాడు. గాలి ఈశాన్యం నుంచి. నైరుతికి తిప్పాను, గోళ్ళు దించే ఉంచి, తిరిగి రావడానికి. కాసేపటికి ఒక నల్లటి మూట కనబడింది. కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళలో తల పెట్టుకుని. దారికి దూరంగా, ఒడ్డుకి వీపు పెట్టి, తప్పు దిక్కుకి.

"బండి దగ్గిరే ఉండాలని తెలీదా?" అని అరిచాను. అదీ నా మొదటి మాట.

పెదవులు కదిలాయి. "ఇంజను ఆగినాక... బండి కూడ మంచే కదే," అన్నాడు.

తిరుగు దారిలో చెయ్యి చాపితే చెయ్యి కనబడలేదు. నా గీతలే నన్ను తెచ్చాయి. స్కీ గీతలో పడినప్పుడు హ్యాండిలు చేతిలో కాస్త బిగుస్తుంది. గీత తప్పితే వదులవుతుంది. ఆ బిగువు పట్టుకుని వచ్చాను, చీకట్లో గోడ తడుముకుంటూ వచ్చినట్టు. నా వీపుకి కట్టేసిన మనిషి ఊపిరి మెడకి తగులుతోందా లేదా అని అడుగడుగునా చూసుకుంటూ.

బహుళ విదియ

రెండు కాళ్ళూ తీసేశారు. చీలమండల పైకి.

డ్రైవర్లకి ఆఫీసు ఇచ్చే బూట్లు పలచన. కాళ్ళు పెట్టుకునే చోట ఇంజను వేడి తగులుతుంది కాబట్టి చాలునని లెక్క. ఇంజను ఆగిన తరువాతి లెక్క ఎవరూ వెయ్యలేదు.

చతుర్దశి మర్నాడు నరసయ్య తాత మాట మీద ఆడవాళ్ళు నా గీతల్ని నీళ్ళు పోసి పూడ్చేశారు. షెడ్డు గుమ్మం దగ్గరనుంచీ. వాడిని ఒడ్డుకి తెచ్చిన గీతలని. అమ్మ వెళ్ళలేదు, ఆసుపత్రిలో ఉంది. నాన్న పోయిన తరువాత ఆవిడ మానిన మొదటి కల్లాపి.

ఈ రోజు వాడికి బాగా తెలివొచ్చింది. మంచం చివర దుప్పటి ఎత్తు లేకుండా పరచుకుని ఉంటే అటే చూస్తూ అన్నాడు:

"ఇంక నా బూట్లు నీకే పోలీ. నీ కాళ్ళు పెద్దయే కదా."

నేను ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను.

అమ్మ గంజి కలుపుతోంది. తల ఎత్తకుండా అడిగింది. "దారి మీనే ఎందుకు రానేదురా? ఎన్నేళ్ళబట్టి తిరిగిన దారి. కళ్ళు మూసుకున్నా వస్తావు కదా."

"ఎలాగొస్తానే అమ్మా? కళ్ళు ఎలాగూ నేవు ఆ గాలికి. కాలితో ఎతికినాను. ఎక్కడ కాలెట్టినా ఒకలాగే ఉంది. దారీ అద్దమే, దారి కానిదీ అద్దమే. అష్టమి నాటి గీతలుంటే కాలితో పట్టుకుని వచ్చీసీవోణ్ణి."

నిష్ఠూరంగా అనలేదు. ఊరికే, అడిగిందానికి చెప్పాడు. అమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. గంజి చల్లారిపోయింది, ఇంకా తిప్పుతూనే ఉంది.

రత్నాకర్ గారు పళ్ళరసం డబ్బా పట్టుకుని వచ్చారు. వరండాలోకి పిలిచి, "బండి వదిలి నడవడం రూలుకి విరుద్ధం కదమ్మా. కారణం గడిలో 'డ్రైవరు' అని రాసెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను," అన్నారు.

నాలుగో నంబరు. కంప్లయింటు: ఇంజను కరుచుకుపోయింది. కారణం: దారి. దారికి కారణం: నీళ్ళు. నీళ్ళకి కారణం: మేము. ద్వాదశికీ చతుర్దశికీ మధ్య టాంకరు ఎవరిచ్చారో ఆఫీసులో అడగండి. రాసేశాను. చెరిపితే పేజీ చిరుగుతుంది.

బహుళ పంచమి

పెట్టెలో మిగిలిన ఉక్కుగోళ్ళన్నీ షెడ్డులో బండ్లన్నింటికీ బిగించేశాను. ఎవరినీ అడగలేదు. డ్రైవర్లు చూశారు. ఎవరూ సాయం పట్టలేదు, ఎవరూ వద్దనలేదు. అంతకంటే వాళ్ళ దగ్గర నేనేం ఆశిస్తాను?

పొద్దున రెండో నంబరు తీసి, గోళ్ళు దించి, పేట మధ్యలోంచి బయలుదేరాను. కీసుమని ఒకటే అరుపు. తలుపులు తెరుచుకున్నాయి. మొదటి జెండా దగ్గర ఆడవాళ్ళు అడ్డంగా నిలబడ్డారు, బకెట్లతో. పక్కన నరసయ్య తాత కర్ర మీద ఆనుకుని ఉన్నాడు. అందరికంటే ముందు అమ్మ. చేతిలో నిండు బకెట్.

బండి ఆపాను. ఇంజను ఆపలేదు.

"తప్పుకో అమ్మా."

తప్పుకోలేదు. బకెట్ కింద పెట్టింది. నా పక్కనుంచి నడుచుకుంటూ బండి వెనక్కి వెళ్ళింది. వెనక రెండు గీతలు షెడ్డు దాకా తెల్లగా ఉన్నాయి. అమ్మ గీత పక్కన కూలబడి కుడికాలి బూటు లాగింది. గుడ్డలు విప్పింది. వట్టి పాదం తీసి మంచు మీద పెట్టింది.

"సోములూ, ఏటే ఆ పని? కాలు పోతాది!" అన్నాడు తాత.

కళ్ళు మూసుకుంది. పాదంతో గాజు మీద తడుముకుంటూ పక్కకి జరిగింది. ఇటు. అటు. కాలి వేళ్ళు గీతలో పడగానే ఆగింది. ఆ గీత వెంట ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. షెడ్డు వైపు, ఊరి వైపు, కళ్ళు తెరవకుండా. పాపమ్మ పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అమ్మ ఆగింది. కళ్ళు తెరిచింది.

"కాలికి తెలుస్తంది," అంది.

పాదం అప్పటికే తెల్లబడుతోంది. నేను బండి దిగి గుడ్డలు చుట్టి, బూటు తొడిగాను. గట్టిగానే తొడిగాను, నొప్పి పుట్టేలా. ఆవిడ కాలు లాక్కోలేదు.

"ఈ మాట నవమి నాడు పాకలో ఎక్కడుందే?" అన్నాను.

అమ్మ లేచి వెళ్ళి తన బకెట్ తీసుకుంది. దారి మీద చల్లలేదు. దారి పక్కకి తీసుకెళ్ళి ఒక్కసారే ఒంపేసింది. ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది, తాత వైపు వీపు పెట్టి.

"లోతుగా గియ్యే," అంది. "పైపైన గియ్యకు. బూటేసుకున్నా తెలియాల."

తాత ఏదో మొదలుపెట్టాడు. మిగతా ఆడవాళ్ళలో కొందరు పక్కకి జరిగారు, కొందరు జరగలేదు. జరిగినంత సందు బండికి చాలింది.

నేను మా అమ్మని క్షమించలేదు. ఆవిడ అడగలేదు కూడా. తిరిగొచ్చాక స్ప్రింగు ఇంకో మెలిక బిగించాలి, కొన ఇంకాస్త కిందికి దిగేలా.

బండి: రెండో నంబరు. నడిపేది: పోలమ్మ. వేడి: మామూలు. కంప్లయింటు: బండికైతే లేదు.